రాయి తిప్పి చూడటం నేర్చుకున్న 18 నెలలు

నీటి నిర్వహణ చదవడానికి ఎందుకు వెళ్లావని ఎవరు అడిగినా నాకు ముందు గుర్తొచ్చేది ఒక సీసా. అప్పటికి మూడేళ్లుగా నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. రోజూ పొద్దున్నే నమూనాలు వచ్చేవి. ప్రతి సీసా మీద చోటు, తేదీ, ఒక నంబరు. పీహెచ్, నైట్రేట్, ఫాస్ఫేట్, బీఓడీ (నీటిలోని మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) చూసి, పరిమితులతో పోల్చి, రిపోర్టు రాసి పంపేవాళ్లం. ఒకసారి చేపలు చచ్చి తేలిన చెరువు నుంచి నమూనా వచ్చింది. అన్నీ పరిమితి లోపలే ఉన్నాయి. అదే రాసి సంతకం పెట్టాను. సాయంత్రం ఇంటికెళ్లాక కూడా ఆ సంతకమే కళ్ల ముందు మెదిలింది. నీరు బాగుందని కాగితం చెబుతోంది, చేపలు మాత్రం చచ్చిపోయాయి. మూడేళ్లలో ఒక్క నమూనా కూడా నా చేత్తో తీయలేదని, ఏ చెరువు గట్టు మీదా నిలబడలేదని ఆ రాత్రి తట్టింది.

ఎక్కడ చదవాలా అని వెతుకుతుంటే, ఈ రంగంలో ఒకే విశ్వవిద్యాలయం చెప్పే కోర్సుల కంటే కొన్ని కలిసి నడిపేవే నన్ను ఎక్కువ ఆకట్టుకున్నాయి. భూగర్భజలాల మీద లిస్బన్, డెల్ఫ్ట్, డ్రెస్డెన్ కలిసి, ఐరోపా సమాఖ్య ఎరాస్మస్ ముండస్ పథకం కింద నడిపే కోర్సు ఒకటి చూశాను. మంచి కోర్సే, కానీ నాకు కావలసింది పైన పారే నీరు, అందులో బతికే ప్రాణులు. చివరికి లిమ్నాలజీ, చిత్తడి నేలల నిర్వహణ మీద మూడు సంస్థలు కలిసి ఇచ్చే ఎమ్మెస్సీ కంటపడింది. వియన్నాలోని బోకు విశ్వవిద్యాలయం, నెదర్లాండ్స్‌లోని ఐహెచ్‌ఈ డెల్ఫ్ట్, కెన్యాలోని ఎగర్టన్ విశ్వవిద్యాలయం. 18 నెలలు, మూడు దేశాలు, చివర ఒకే ఉమ్మడి డిగ్రీ. లిమ్నాలజీ అంటే సముద్రాలను వదిలేసి నదులు, సరస్సులు, చిత్తడి నేలలను చదివే శాస్త్రం. చల్లటి కొండవాగు, మనిషి కట్టలు కట్టి ఆపిన డెల్టా, భూమధ్యరేఖ పక్కన సరస్సు. మూడూ ఒకే చదువులో ఉండటం నన్ను బాగా లాగింది.

దరఖాస్తులో నాకు ఎక్కువ కాలం పట్టింది మోటివేషన్ లెటర్. మొదటిసారి రాసినదాంట్లో ప్రపంచ నీటి సంక్షోభం, వాతావరణ మార్పు, భావి తరాలు, అన్నీ ఉన్నాయి. భూమ్మీద నీటిలో మంచినీరు రెండున్నర శాతమే అన్న వాక్యంతో మొదలుపెట్టాను. నాకంటే ముందు ఇలాంటి చదువు చదివిన ఒకరికి చూపిస్తే, ఆవిడ మొత్తం చదివి ఒకటే అడిగారు. "ఇందులో మీరెక్కడున్నారు?" మూడు రోజులు ఏమీ రాయలేకపోయాను. తర్వాత ఆ సీసా గురించి రాశాను. సంతకం పెట్టిన సంగతి కూడా దాచలేదు. అది రాస్తే నా పని మీద నమ్మకం పోతుందేమోనని భయం వేసింది, కానీ ఇంటర్వ్యూలో వాళ్లు అడిగింది సరిగ్గా దాని గురించే.

ఇప్పుడు దరఖాస్తు చేసేవాళ్లకు ఒక మాట. చాలా చోట్ల అడ్మిషన్ వేరు, స్కాలర్‌షిప్ వేరు. సీటు వచ్చినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు. కొన్ని స్కాలర్‌షిప్‌లకు ముందే అడ్మిషన్ లెటర్ చేతిలో ఉండాలి, కాబట్టి కోర్సు గడువు ఎప్పుడో చూసుకుంటే సరిపోదు, ఆ లెటర్ రావడానికి పట్టే వారాలు కూడా లెక్కలో వేసుకోవాలి. నాకు కావలసిన ఒక సర్టిఫికెట్ ఒక ఆఫీసులో ఐదు వారాలు ఆగిపోయింది. గడువుకు రెండు రోజుల ముందు చేతికొచ్చింది. ఆ ఐదు వారాల టెన్షన్ ఇంకెవరూ పడకూడదనే ఇది చెబుతున్నాను.

ఇంటర్వ్యూ వీడియోలో జరిగింది, ముగ్గురున్నారు. అందులో ఒక ప్రొఫెసర్ నా ఉత్తరం ముందు పెట్టుకుని, "ఆ చెరువుకు ఇప్పుడు వెళ్లగలిగితే ఏం చేస్తారు?" అన్నారు. మళ్లీ నమూనా తీస్తానన్నాను. "ఎన్ని గంటలకు?" అన్నారు. నాకు అర్థం కాలేదు. పొద్దున పదింటికి, ల్యాబ్ తెరవగానే అందేలా అన్నాను. ఆయన తల ఊపి ఏదో రాసుకున్నారు. తప్పు చెప్పానని మాత్రం తెలిసింది, తప్పేంటో తెలియలేదు. అయినా సీటు వచ్చింది.

మా బ్యాచ్ చదువు వియన్నాలో మొదలైంది. మొదటి వారాలు తరగతి గదిలోనే గడిచాయి. నాకు చదువు మొదలైందనిపించింది మాత్రం లుంజ్‌లో. ఆస్ట్రియా ఆల్ప్స్‌లో సముద్ర మట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న ఊరది. 34 మీటర్ల లోతున్న ఒక సరస్సు, దానిలోకి వచ్చే వాగు. 1905లో కార్ల్ కుపెల్‌వీసర్ అక్కడ ఒక జీవశాస్త్ర కేంద్రం పెట్టించాడు. మంచినీటి పరిశోధన ప్రపంచంలో లుంజ్ పేరు తెలియనివాళ్లు తక్కువ. ఒకే సరస్సును, ఒకే వాగును ఒక శతాబ్దానికి పైగా మనుషులు మార్చి మార్చి చూస్తూ వచ్చారు. మూడేళ్లలో వేల నమూనాలు చూసిన నాకు, ఏ ఒక్క నీటినీ రెండోసారి చూసిన జ్ఞాపకం లేదు.

వాగులో మోకాళ్ల దాకా దిగాం. వల దిగువన పట్టుకుని, దాని ముందు రాళ్లను కాలితో కదిపితే, రాళ్ల కింద దాక్కున్న పురుగులు ప్రవాహంలో కొట్టుకొచ్చి వలలో పడతాయి. గులకరాళ్ల చోటు, ఇసుక, నాచు, ఆకుచెత్త, ఏది ఎంత ఉంటే ఆ నిష్పత్తిలో 20 చోట్ల అలా తీయాలి. చేతులు కొంకర్లు పోయేంత చల్లగా ఉంది నీరు. తెల్లటి ట్రేలో పోసి చూస్తే చెత్తంతా కదులుతోంది. మూడు తోకలుంటే, పొట్ట పక్కన మొప్పలు ఆడుతుంటే మేఫ్లై పిల్ల. రెండే తోకలు, ప్రతి కాలి చివర రెండు గోళ్లు ఉంటే స్టోన్‌ఫ్లై పిల్ల. ఇసుక రేణువులు, పుల్లలు అతికించుకుని గొట్టంలాంటి ఇల్లు కట్టుకునేది కాడిస్‌ఫ్లై.

వీటితో నీటి ఆరోగ్యాన్ని కొలుస్తారు. సీసాలో నీరు ఆ క్షణం సంగతి చెబుతుంది. స్టోన్‌ఫ్లై పిల్ల రాయి కింద నెలల తరబడి, కొన్ని జాతులైతే ఏళ్ల తరబడి బతుకుతుంది. నిన్న రాత్రి ఏదైనా విషం పారి ఉంటే, పది గంటలకు తీసిన సీసాలో దాని జాడ ఉండకపోవచ్చు, పురుగులు మాత్రం చచ్చిపోయి ఉంటాయి. బ్రిటన్‌లో వచ్చిన బీఎండబ్ల్యూపీ అనే పద్ధతిలో ప్రతి కుటుంబానికి ఒకటి నుంచి పది దాకా మార్కులు ఇస్తారు. స్టోన్‌ఫ్లై కుటుంబాల్లో చాలావాటికి పదికి పది. ట్రేలో స్టోన్‌ఫ్లైలు నిండుగా కనిపిస్తే వాగు బాగున్నట్టు, అసలు లేకపోతే అనుమానించాలి. నేను దాన్ని సూత్రంలా పట్టుకున్నాను. ఆ వారమంతా కనిపించిన ప్రతి రాయీ తిప్పాను. తిప్పిన రాయిని మళ్లీ ఎలా ఉందో అలాగే పెట్టాలని మా టీచర్ మొదటి రోజే గట్టిగా చెప్పారు. అది వాటి ఇల్లు.

వియన్నాకు తిరిగొచ్చాక డాన్యూబ్ నది మీద పని. నగరానికి దిగువన హైన్‌బుర్గ్ దగ్గర 1984 డిసెంబరులో జలవిద్యుత్ కేంద్రం కట్టబోతే, వేల మంది చలిలో, నది వరదకు మునిగే అక్కడి అడవిలో మకాం వేసి అడ్డుకున్నారు. 1996లో అదే చోటు జాతీయ ఉద్యానవనం అయింది. తర్వాత పదేళ్లకు అక్కడ దాదాపు మూడు కిలోమీటర్ల ఒడ్డు పొడవునా, కోతను ఆపడానికి ఎప్పుడో పేర్చిన బండరాళ్లను తీసేశారు. నది మళ్లీ ఒడ్డును కోసుకుంటోంది. పడిపోయిన చెట్లు నీళ్లలోనే ఉన్నాయి. ఎవరూ తీయరు, చేపపిల్లలకు అవే నీడ. ఒడ్డు కోసుకుపోవడం అంటే నష్టమే అనుకుంటూ పెరిగిన నాకు, దాన్ని డబ్బు ఖర్చుపెట్టి తిరిగి తెచ్చుకున్నారంటే మింగుడుపడటానికి రెండు రోజులు పట్టింది.

డెల్ఫ్ట్ గురించి తక్కువే చెబుతాను. అక్కడ చదువు ఎక్కువగా కంప్యూటర్ల ముందు, చర్చల్లో నడిచింది. ఐహెచ్‌ఈ 1957లో మొదలైంది. అంతకు నాలుగేళ్ల ముందు, 1953 ఫిబ్రవరి 1 వేకువన, నెదర్లాండ్స్ నైరుతి భాగంలో కట్టలు తెగి 1,836 మంది చనిపోయారు. ఆ దేశం నీటి ఇంజనీరింగ్‌లో అంత ముందుకు వెళ్లడం వెనక ఆ రాత్రి ఉంది. అయితే మమ్మల్ని నైమేగన్ నగరానికి తీసుకెళ్లి చూపించింది కట్ట ఎంత ఎత్తు కట్టారో కాదు, ఎంత వెనక్కి జరిపారో. వాల్ నదికి వరద వచ్చినప్పుడు చోటు సరిపోవాలని కరకట్టను 350 మీటర్లు వెనక్కి జరిపి, పక్కన కొత్త పాయ తవ్వారు. దానికోసం 50 ఇళ్లు ఖాళీ చేయించాల్సి వచ్చింది.

తిరిగొచ్చాక అదే సమస్యను క్లాసులో పాత్రలు పంచుకుని ఆడాం. నాకు వాటర్ బోర్డు పాత్ర. అక్కడ వాటర్ బోర్డులంటే ఎన్నికలు జరిగే సంస్థలు, మొత్తం 21, కొన్నిటి చరిత్ర 13వ శతాబ్దం దాకా వెళ్తుంది. నేను పది నిమిషాల్లో మ్యాపు మీద కట్ట గీత గీసేశాను. ప్రవాహం లెక్క సరిపోయింది. ఇల్లు పోయే రైతు పాత్రలో ఉన్న మా క్లాస్‌మేట్ అడిగింది, "ఈ గీత గీసే ముందు నన్నెందుకు పిలవలేదు?" ఆటే అయినా ఆమె గొంతు వణికింది. వాళ్ల కుటుంబం నిజంగానే ఒక డ్యామ్ కింద ఊరు వదులుకుందని తర్వాత చెప్పింది. నేను గీత చెరిపేశాను. మళ్లీ మొదలుపెట్టడానికి మాకు ఆ మధ్యాహ్నమంతా పట్టింది.

కెన్యాలో దిగినప్పుడు నా బ్యాగులో వల ఉంది, తలలో ఆల్ప్స్ సూత్రాలున్నాయి. ఎగర్టన్ క్యాంపస్ న్జోరోలో, సుమారు 2,200 మీటర్ల ఎత్తున ఉంటుంది. మావ్ అడవుల్లో పుట్టిన న్జోరో నది ఆ పక్క నుంచే పారి నకూరు సరస్సులో కలుస్తుంది. నకూరు ఉప్పు, క్షారం నిండిన సరస్సు, ఫ్లెమింగోలకు పేరుపడింది. అదే రిఫ్ట్ లోయలో కొంత దూరంలో ఉన్న నైవాషా మంచినీటి సరస్సు. రెండిటికీ పైకి కనిపించే దారి లేదు, నీరు బయటికి పోయే నది లేదు. మరి ఒకటి ఉప్పగా, ఇంకోటి మంచినీరుగా ఎందుకున్నాయి? నైవాషా అడుగునుంచి నీరు భూగర్భంలోకి ఇంకిపోతూ, తనతో లవణాలను తీసుకుపోతుంది. నకూరులో నీరు ఆవిరైపోతుంది, లవణాలు మిగిలిపోతాయి. నైవాషా ఒడ్డున నిలబడి ఈ సంగతి విన్నప్పుడు, కంటికి కనిపించని ఆ ఇంకుడే ఒక సరస్సును కాపాడుతోందని ఒళ్లు జలదరించింది.

నా థీసిస్ ఒక ఉపనది మీద. అడవి దగ్గర ఒక చోటు, పశువులు నీళ్లకు దిగే రెండు చోట్లు, ఊరి దిగువన ఒకటి. మొదటి రోజు అడవి దగ్గర వల వేశాను. ట్రేలో మేఫ్లైలున్నాయి, కాడిస్‌ఫ్లైలున్నాయి. స్టోన్‌ఫ్లై ఒక్కటీ లేదు. ఆక్సిజన్ మీటర్ లీటరుకు 7 మిల్లీగ్రాములు చూపించింది. లుంజ్‌లో 11 దాకా చూసిన కళ్లకు అది చాలా తక్కువ. నీరు పట్టగల ఆక్సిజన్‌లో అది ఎంత శాతమో నా దగ్గరున్న పట్టికతో లెక్కగడితే 75కు దగ్గర. అడవి మొదట్లోనే నది చెడిపోయిందని నోట్స్‌లో రాసుకున్నాను. పైన ఏదో కాలుష్యం ఉందని, దాన్ని పట్టుకోవాలని వారం రోజులు ఎగువకు నడిచాను.

మా గైడ్ నోట్స్ చూసి కోప్పడలేదు. "ఇక్కడ ఎత్తెంత?" అని అడిగారు. అంతే, నాకు వెలిగింది. నా పట్టిక సముద్ర మట్టానికి వేసింది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీటిలో కరగగల ఆక్సిజనూ తగ్గుతుంది. నీరు వెచ్చనైనా తగ్గుతుంది. ఆ ఎత్తులో, 18 డిగ్రీల నీటిలో పట్టేదే 7కు కాస్త ఎక్కువ. అంటే నా నది దాదాపు నిండుగా ఉంది. అదే 7 లుంజ్ వాగులో చల్లటి రోజున కనిపిస్తే నిజంగానే కంగారు పడాలి, అక్కడ అది 60 శాతం చిల్లర. ఇక స్టోన్‌ఫ్లైల సంగతి. ఐరోపాలో వందల జాతులున్న ఆ పురుగులు, తూర్పు ఆఫ్రికా నదుల్లో దాదాపు నియోపెర్లా అనే ఒకే ఒక్క ప్రజాతిగా ఉన్నాయి. అక్కడ అది దొరక్కపోవడం నేరానికి సాక్ష్యం కాదు. అందుకే దక్షిణాఫ్రికాలో సాస్, టాంజానియాలో టారిస్ అని అక్కడి పురుగులకు తగ్గ మార్కుల పద్ధతులు తయారుచేసుకున్నారు. కెన్యాలోని మారా నదిలోనైతే నాలుగు వేలకు పైగా హిప్పోలున్నాయి. వాటి పేడ వల్లే ఒక్కోసారి ఆక్సిజన్ పడిపోయి చేపలు చచ్చిపోతాయని 2018లో అచ్చయిన పరిశోధన తేల్చింది. మనిషి చేయి పడని కాలుష్యం. ఐరోపా కొలతలతో చూస్తే దాన్ని ఏమనాలో కూడా తెలియదు.

వారం శ్రమ పోయిందని ఆ రాత్రి ఏడ్చాను. మర్నాడు గైడ్ ఇంకొక మాట అన్నారు. "మీరు అన్ని రీడింగులూ పదింటికి, పదకొండింటికి తీశారు. నది రాత్రిపూట కూడా ఉంటుంది కదా." ఇంటర్వ్యూలో ఆ ప్రొఫెసర్ అడిగిన ప్రశ్నే ఇది. పగలు నాచు ఎండలో ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి తయారీ ఆగిపోతుంది, ఊపిరి పీల్చడం మాత్రం నాచు, సూక్ష్మజీవులు, చేపలు అన్నీ చేస్తూనే ఉంటాయి. తెల్లవారే ముందు ఆక్సిజన్ అట్టడుక్కి దిగుతుంది. ఆ వేళకు ఊరి దిగువన ఉన్న చోటుకు ఇద్దరు తోడుతో టార్చి వేసుకుని వెళ్లాను. మీటర్‌లో అంకె దిగుతూ, దిగుతూ, పగలు చూసినదానికంటే బాగా కింద ఆగింది. నా చెరువు గుర్తొచ్చింది. పదింటి సీసాలో అంతా బాగానే ఉంటుంది. చేపలు చచ్చింది ఐదింటికి అయ్యుంటుంది.

ఫలితాలను అక్కడి నీటి వినియోగదారుల సంఘం ముందు పెట్టాలి. కెన్యాలో 2002 నీటి చట్టం వచ్చాక నదుల వెంబడి ఇలాంటి సంఘాలు ఏర్పడ్డాయి. నైవాషా ఎగువన మలేవా నది రైతులు వాలుల్లో గడ్డి వరుసలు, చెట్లు పెంచితే, దిగువన నీళ్లు వాడుకునేవాళ్లు వాళ్లకు ప్రతిఫలం ఇచ్చే ఏర్పాటు కూడా ఈ సంఘాల ద్వారానే నడిచింది. నేను గ్రాఫులు చూపించి, పశువులు దిగే చోట పురుగుల రకాలు ఎలా తగ్గాయో చెప్పాను. అనువదించే మిత్రుడు నాకంటే బాగా చెప్పాడు. వెనక కూర్చున్న ఒక మ్జే, అంటే పెద్దాయన, లేచారు. "పురుగుల సంగతి నిజమే, మా చిన్నప్పుడు ఎక్కువుండేవి. పశువుల్ని దింపొద్దంటే అవి ఎక్కడ తాగాలి?"

నా థీసిస్‌లో దానికి జవాబు లేదు. డెల్ఫ్ట్‌లో చెరిపిన గీత గుర్తొచ్చింది. ఇప్పుడు జవాబు లేదని, మీరే చెప్పాలని అన్నాను. ఆ తర్వాత రెండు గంటలు వాళ్లే మాట్లాడుకున్నారు. ఏ వాలు నుంచి గొట్టం వేస్తే నీరు దానంతటదే తొట్టిలోకి దిగుతుంది, తొట్టి ఎవరి పొలం అంచున పెడితే గొడవ రాదు, ఎండాకాలం ఎన్ని మందలు వస్తాయి. నేను రాసుకున్నాను. థీసిస్ చివరి అధ్యాయం ఆ రెండు గంటలే. వైవాలో ఎక్కువ ప్రశ్నలు వచ్చింది ఆ అధ్యాయం మీదే. ఇది శాస్త్రం ఎలా అవుతుందని ఒక పరీక్షకుడు అడిగారు. తొట్టి పెట్టిన ఏడాదికి ఎగువ, దిగువ పురుగులను లెక్కపెడితే అవుతుందని, ఎక్కడెక్కడ లెక్కపెట్టాలో కూడా రాశానని చెప్పాను.

మిగతా పరీక్షలు, డిగ్రీ, తిరుగు ప్రయాణం మామూలుగానే జరిగిపోయాయి. మా బ్యాచ్‌లో చాలామంది తమ దేశాల్లో నీటి శాఖలకు, పరిశోధనకు వెళ్లారు. నేను మళ్లీ ల్యాబ్‌కే వచ్చాను. కావాలనే వచ్చాను.

నమూనాతోపాటు వచ్చే ఫారంలో ఇదివరకు చోటు, తేదీ మాత్రమే ఉండేవి. ఇప్పుడు నాలుగు గడులు పెంచాం. తీసిన సమయం, నీటి ఉష్ణోగ్రత, సముద్ర మట్టం నుంచి ఎత్తు, ఇంకా ఆ నీళ్ల దగ్గర ఉండేవాళ్లు ఏం చెప్పారో రాయడానికి రెండు లైన్లు. ఆఖరి గడి చాలాసార్లు ఖాళీగానే వస్తుంది. అప్పుడు ఫోన్ చేసి అడుగుతున్నాను. చేపలు చచ్చాయని కబురొస్తే మాత్రం సీసా కోసం ఆగడం లేదు. మీటర్, వల, తెల్ల ట్రే బండిలో పెట్టుకుని, తెల్లారేలోపు అక్కడ ఉండేలా బయల్దేరుతున్నాను.